ఇంకో రెండు శాతం

పొదిలి బస్టాండులో టీ తాగేటప్పుడు
నాయన కాలు ఊడదీసి బెంచీ మీద పెట్టాడు.
పక్కనున్న మేకల బేరగాడు కాస్త జరిగాడు.
"కరవదులేబ్బా" అన్నాడు నాయన.

మేం ఒంగోలు పోతున్నాం,
సైనిక సంక్షేమ ఆఫీసుకి.
నా ఒళ్ళో ప్లాస్టిక్ కవరు,
కవర్లో నాయన.
డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం,
మెడికల్ బోర్డు సర్టిఫికెట్టుకి మూడు జిరాక్సులు.
దూదేకుల హుస్సేన్ పీరా, నాయక్.
ఎడమ కాలు, మోకాలి కింద.
మందుపాతర.
వికలాంగత నలభై ఎనిమిది శాతం.

యాభై ఉంటే నా ఫీజు వాళ్ళు కడతారు.

నాకు ఇరవై ఆరేళ్ళు.
ఇంటర్ పాసైన వేసవిలో మూడో బోరూ ఎండింది.
ఆ అప్పు తీరేదాకా ఏడేళ్ళు
మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
చెక్క చట్రాలు బిగించాను.
రోజుకి రెండు వందల పలకలు,
ఒక్కదాని మీదా నేనొక్క అక్షరం పెట్టలేదు.
ఎక్కడెక్కడి పిల్లలో వాటి మీద దిద్దుకుని
ఈపాటికి మీసాలు కూడా వచ్చుంటాయి.
గోళ్ళ కింద ఆ నల్లపొడి మాత్రం
నాతో నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూ దాకా వచ్చింది.

నాయన ఎన్నడూ తను తక్కువని ఒప్పుకున్న మనిషి కాదు.
ఇంటిమీదికెక్కి పెంకులు సర్దాడు.
పీర్ల పండక్కి నిప్పుల గుండం అంచున నడుస్తుంటే
జనం కేకలేశారు.
"కాలితే ఒక కాలే కదా!" అని నవ్వాడు.
మూడు చక్రాల సైకిలు రాయిస్తానని వచ్చిన సర్పంచికి
మజ్జిగిచ్చి పంపించాడు.

అలాంటివాడు
పోయిన నెల సికింద్రాబాదులో, బోర్డు ముందు,
టేపు పెట్టి మొండికాలు కొలుస్తున్న
పాతికేళ్ళు చిన్న డాక్టరుతో
వీపు నిటారుగా పెట్టి అన్నాడు:
"సాబ్, ఇంకో రెండు శాతం
నన్ను తక్కువ చేసి రాయండి."

హిందీలో అన్నాడు, నాకు రాదనుకుని.

డాక్టరు చెడ్డవాడేం కాదు.
మోకాలి కింద ఇంత, పైన ఇంత అని
పట్టిక ఉంటుందట.
మోకాలు మిగలడమే నాయన తప్పు.
కొన్ని రాత్రులు లేని పాదం దురదపెడుతుంది.
అప్పుడు అమ్మ లేచి కూచుని
మంచంకోడు గోకుతుంది,
"ఇక్కడా? ఇంకొంచెం కిందా?" అంటూ.
దానికి పట్టికలో గడి లేదు.

ఒంగోలు ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా కూడా
ఒకప్పటి హవల్దారే, మీసం చెప్తుంది.
"వయసు దాటింది కదమ్మా" అన్నాడు ముందు.
తర్వాత ఏదో పాత సర్క్యులర్ దులిపి
"దెబ్బతిన్నవాళ్ళ పిల్లలకి రెండేళ్ళు సడలింపుంది" అన్నాడు.
తర్వాత శాతం దగ్గర అతని వేలు ఆగింది.
కర్నూలు రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి.
వేలు అక్కడే ఉంది.

"ఏ యూనిట్టు?"
నాయన చెప్పాడు.
"ఏ సంవత్సరం?"
చెప్పాడు.
అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి,
"అప్పీలు పెడదాం.
ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను" అన్నాడు.

ఫారంలో ఒక గడి: ఆధారపడినవారి పేరు.
ఏడేళ్ళు నా కూలితో బియ్యం కొన్న ఇల్లు
గుర్తొచ్చి పెన్ను ఆగింది.
నాయన చూశాడు.
"రాయి" అన్నాడు.
మా ఊళ్ళో ఆ మాటకి రెండర్థాలు,
రెండూ నా చేతికి తెలుసు.
మాబున్ని, అని రాశాను.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది.
వికలాంగులకు అని రాసిన సీట్లో
ఎవరో కాలేజీ కుర్రాడు,
ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది, నోరూ తెరిచే ఉంది, నిద్ర.
నాయన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.
చీమకుర్తి దాటినా నిలబడే ఉన్నాడు.
"లేపనా?" అన్నాను.
"పరీక్షలేమో.
పడుకోనీ."